నీ పర్సంటేజీ ఎప్పటిది?

మన కాలేజీలో అందరూ రోజూ చూసుకునే అంకె ఒకటుంది. సీజీపీఏ కాదు, అది సెమిస్టర్‌కి ఒక్కసారే ఏడిపిస్తుంది. నేను చెప్పేది హాజరు పర్సంటేజీ గురించి. 75 దాటితే హాయిగా నిద్రపోవచ్చు. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండొనేషన్ ఫీజు, హెచ్ఓడీ గది బయట ఎదురుచూపులు. 65 లోపయితే డిటెయిన్. ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చుని చదవాలి. ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలా అని రాత్రంతా ఆలోచించినవాళ్లు ఇది చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు.

పోర్టల్‌లో ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో మొదటి రెండేళ్లు నాకూ తెలీదు. మూడో ఏడాదిలో పోర్టల్ చూసుకునే స్టూడెంట్ టీమ్‌లో చేరాక తెలిసింది. డేటాబేస్ అంటే పరీక్షకి బట్టీ పట్టే నార్మల్ ఫారాలు మాత్రమే కాదని కూడా అప్పుడే తెలిసింది. ఆ అంకెని ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచడానికి, అదే సమయంలో చూసేవాళ్లని ఆపకుండా ఉండటానికి మేం ఒక సెమిస్టరంతా పడ్డ తిప్పలే ఈ వ్యాసం. సీఎస్ఈ కాని వాళ్లు కూడా చదవచ్చు. మెకానికల్ వాళ్లకీ పర్సంటేజీ ఉంటుంది కదా!

ముందు కొంచెం లెక్క. ప్రతి పీరియడ్‌లో ప్రతి విద్యార్థికి ఒక వరుస రాసిపెట్టాలి: వచ్చాడా, రాలేదా. 3,000 మంది, రోజుకి 6 పీరియడ్లు, సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకోండి. 16,20,000 వరుసలు. ఆరు సెమిస్టర్లు గడిచేసరికి కోటికి దగ్గరవుతాయి.

"అయితే ఏంటి, ఒక్కడి లెక్క తీయడానికి ఇండెక్స్ ఉంటే చాలు కదా" అని సీఎస్ఈ వాళ్లు అంటారు. నిజమే. కానీ హాజరు అంటే వచ్చిన రోజులని మొత్తంతో భాగించడం ఒక్కటే కాదు. ల్యాబ్‌కి మూడు పీరియడ్ల లెక్క. ఎన్ఎస్ఎస్ క్యాంపుకి వెళ్తే ఓడీ. ఒక సార్ సెలవు పెడితే ఇంకో మేడమ్ తీసుకున్న క్లాసు ఎవరి ఖాతాలోకి? ఇలా ఐదారు పట్టికలు కలిపితే గానీ ఒక అంకె తేలదు. హెచ్ఓడీకేమో ఒక్కడిది కాదు, బ్రాంచి మొత్తం కావాలి, తక్కువ నుంచి ఎక్కువకి వరుసగా. విద్యార్థి ఫోన్‌లో కనిపించే అంకె, హెచ్ఓడీ స్క్రీన్ మీద అంకె ఒకటే కావాలి. బెల్లు కొట్టగానే కొన్ని వందల మంది ఒకేసారి పేజీ తెరుస్తారు. ప్రతి ఒక్కరి కోసం ఆ లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయడం దండగ పని.

అందుకే మా ముందు బ్యాచ్ సీనియర్లు మెటీరియలైజ్డ్ వ్యూ పెట్టారు. మామూలు వ్యూ అంటే దాచిపెట్టిన ప్రశ్న. అడిగిన ప్రతిసారీ జవాబు కొత్తగా వెతుకుతుంది. మెటీరియలైజ్డ్ వ్యూ అంటే దాచిపెట్టిన జవాబు. ఒకసారి లెక్కకట్టి డిస్కు మీద రాసిపెడుతుంది, ఆ తర్వాత ఎవరడిగినా అదే తీసి చూపిస్తుంది. మన ఇళ్లల్లో పంచాంగం లాంటిదే. సిద్ధాంతిగారు ఏడాదికి సరిపడా తిథులు, నక్షత్రాలు ముందే లెక్కకట్టి అచ్చు వేయిస్తారు. రేపు ఏకాదశా కాదా అని అమ్మ చూడాలనుకుంటే పేజీ తిప్పితే చాలు, గ్రహగణితం చేయక్కర్లేదు.

కాకపోతే గ్రహాలు ఎప్పుడు ఎక్కడుంటాయో ముందే చెప్పొచ్చు. మనవాళ్లు రేపు క్లాసుకి వస్తారో రారో ఏ సిద్ధాంతీ చెప్పలేడు. కాబట్టి దాచిన జవాబు గంటగంటకీ పాతబడుతుంది. దాన్ని మళ్లీ లెక్కకట్టించాలి. దానికే రిఫ్రెష్ అని పేరు. మా తిప్పలన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మన పోర్టల్ వెనక ఉన్నది పోస్ట్‌గ్రెస్. అందులో మెటీరియలైజ్డ్ వ్యూలు 2013లో, 9.3 వెర్షన్‌తో వచ్చాయి. మామూలు రిఫ్రెష్ ఆదేశం ఇస్తే అది ఆ వ్యూ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ అనే తాళం వేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అన్నిటికన్నా గట్టి తాళం అదే. మార్చడానికి వచ్చినవాళ్లనే కాదు, ఊరికే చదవడానికి వచ్చినవాళ్లని కూడా గుమ్మం బయటే నిలబెడుతుంది. అది కూడా చివర్లో ఒక్క క్షణం కాదు, లెక్క మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా. సీనియర్లు పెట్టిన రోజున డేటా తక్కువ. లెక్క రెండు మూడు సెకన్లలో అయిపోయేది, తాళం పడిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు. డేటా పెరిగేకొద్దీ ఆ రెండు మూడు సెకన్లు పెరిగి పెరిగి నిమిషం దాటాయి. ఆ రిఫ్రెష్ నడిచేది ప్రతి గంటా బెల్లు కొట్టగానే. అంటే సరిగ్గా అందరూ ఫోన్లు తీసే సమయానికే!

కండొనేషన్ ఫీజుకి ఆఖరి రోజున ఇదంతా బయటపడింది. పెండింగ్ ఉన్న హాజరంతా ఫ్యాకల్టీ ఆ రోజే ఎక్కించారు. మధ్యాహ్నం బెల్లు కొట్టింది, రిఫ్రెష్ మొదలైంది, పేజీ ఆగింది. పేజీ ఆగితే మనం ఏం చేస్తాం? మళ్లీ నొక్కుతాం, ఇంకోసారి నొక్కుతాం. నొక్కిన ప్రతిసారీ డేటాబేస్‌కి ఇంకో కనెక్షన్. పోస్ట్‌గ్రెస్ ఎవరూ మార్చకపోతే ఒకేసారి 100 కనెక్షన్లే ఇస్తుంది. తాళం బయట నిలబడ్డవాళ్లు కూడా ఆ వందలోనే లెక్క. వంద నిండాక కొత్తగా వచ్చినవాళ్లందరికీ "టూ మెనీ క్లయింట్స్" అని చెప్పి పంపించేస్తుంది. దాంతో హాజరు పేజీతో పాటు టైమ్‌టేబుల్ పేజీ, హాస్టల్ మెస్ పేజీ కూడా పడిపోయాయి. ఆ రోజు మెస్‌లో ఏముందో చూద్దామనుకున్నవాడికి హాజరుతో ఏం సంబంధం? ఏమీ లేదు. అయినా వాడూ ఆగాడు.

అప్పుడు ల్యాబ్ తలుపు దగ్గరికి ఒక సెకండియర్ కుర్రాడు వచ్చాడు. చెవి దగ్గర ఫోన్. "అన్నా, పేజీ తిరుగుతానే ఉంది. ఫీజు నాలుగింటిలోపు కట్టాలంట. కట్టాలా వద్దా అని మా నాన్న లైన్లోనే ఉన్నాడు. పర్సంటేజీ ఒకసారి చూసి చెప్పవా?" చూసి చెప్పడానికి మాకు మాత్రం వేరే దారి ఏముంది? మేం వేసిన క్వెరీ కూడా అదే క్యూలో వెళ్లి నిలబడింది. వాళ్ల నాన్న అటువైపు ఎవరినో డబ్బు అడుగుతున్నట్టు ఫోన్‌లో మాటలు వినబడుతున్నాయి. కాసేపటికి తాళం ఊడింది. 75.3. "అక్కర్లేదంట నాన్నా" అన్నాడు కుర్రాడు. అటువైపు ఒక పెద్ద నిట్టూర్పు.

వాడు వెళ్లిపోయాక మా టీమ్ లీడ్ అక్క ఒక ప్రశ్న వేసింది. "ఆ 75.3 ఎప్పటిది? పొద్దున పెట్టిన హాజరు అందులో కలిసిందా?" ఆ పేజీ మొత్తం వెతికినా దానికి జవాబు లేదు. మాకు ఎదురుగా ఉన్నవి రెండు సమస్యలని అప్పుడు అర్థమైంది. కొత్త లెక్క కోసం చూసేవాళ్లని ఆపకూడదు. ఆపకుండా పాత లెక్క చూపిస్తే, అది పాతదని దాచకూడదు.

మొదటి సమస్యకి అందరికీ తట్టే ఉపాయం రాత్రి పూట రిఫ్రెష్ చేయడం. చాలాచోట్ల అది చాలు కూడా. నెలవారీ రిపోర్టుకి తెల్లవారుజామున లెక్క వేస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ మనకి ఆఖరి రోజున పొద్దున పదింటికి ఎక్కించిన హాజరు సాయంత్రం నాలుగింటిలోపు కనబడాలి. మర్నాడు కనబడితే ఏం లాభం?

రెండో ఉపాయం పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది. 2014లో వచ్చిన 9.4 వెర్షన్‌లో రిఫ్రెష్ ఆదేశానికి "కాంకరెంట్లీ" అనే ఒక్క మాట కలిపారు. ఆ మాట పెడితే పని తీరే మారిపోతుంది. కొత్త లెక్కని పక్కన ఒక తాత్కాలిక పట్టికలో వేస్తుంది. పాతదానితో వరుసవరుసా పోల్చి చూస్తుంది. మారిన వరుసలే తీసి మారుస్తుంది, మారనివాటి జోలికి పోదు. నోటీసు బోర్డు మొత్తం ఊడబీకకుండా, మారిన కాగితాలు మాత్రం మార్చడం లాంటిది. పని పూర్తయి కమిట్ అయ్యేదాకా అందరికీ పాత లెక్కే పూర్తిగా కనిపిస్తుంది, ఆ తర్వాత కొత్తది పూర్తిగా కనిపిస్తుంది. సగం పాత, సగం కొత్త ఎవరికీ కనిపించవు. ఇప్పుడూ తాళం ఉంటుంది, కానీ అది చదివేవాళ్లని ఆపదు. ఒకే వ్యూ మీద రెండు రిఫ్రెష్‌లు ఒకేసారి నడవకుండా మాత్రం ఆపుతుంది.

దీనికి ఒక షరతు ఉంది. పోల్చాలంటే ఏ వరుస ఎవరిదో తెలియాలి కదా. అందుకని వ్యూ మీద యూనిక్ ఇండెక్స్ ఉండాలి. అది కూడా మామూలు కాలమ్‌ల మీదే, అన్ని వరుసలకీ వర్తించేలా. మాకు రోల్ నంబర్ ఉంది, ఇంకేం కావాలి అనుకుని ఇండెక్స్ వేయబోయాం. పోస్ట్‌గ్రెస్ వేయనివ్వలేదు. ఒకే రోల్ నంబర్‌కి రెండు వరుసలు ఉన్నాయంది.

వెతికితే తేలింది ఏంటంటే, సెమిస్టర్ మధ్యలో సెక్షన్ మారినవాళ్లకి రెండు వరుసలు వస్తున్నాయి, సెక్షన్‌కొకటి చొప్పున. ఒక అమ్మాయి సంగతే తీసుకోండి. పాత సెక్షన్‌లో 100 పీరియడ్లకి 68, కొత్త సెక్షన్‌లో 300కి 243. అంటే ఒక వరుసలో 68 శాతం, ఇంకో వరుసలో 81 శాతం. పేజీ ఏ వరుస ముందు దొరికితే అది చూపిస్తోంది. ఆ అమ్మాయికి చాలా రోజులుగా కనిపిస్తున్నది 68. రెండూ కలిపితే 400కి 311, అంటే 77.75. కండొనేషన్ ఫారం నింపి, ఫీజు డబ్బులు కూడా సిద్ధం చేసుకుందట. అసలు అవసరమే లేదు! ఆ క్వెరీ రాసిన రోజుల్లో సెక్షన్ మార్పులు లేవు, కాబట్టి రాసినవాళ్లని అనడానికీ లేదు. పేజీ వేగంగా రావాలని మొదలుపెట్టిన పనిలో, పేజీ చెప్పేది తప్పని బయటపడింది. పదిమందికి పైగా లెక్కలు ఆ వారమే సరయ్యాయి. యూనిక్ ఇండెక్స్ అంటే వేగం కోసమని పరీక్షలో రాసినవాణ్ణే నేనూ. "ఒక మనిషికి ఒకే వరుస" అని డేటాబేస్ చేత మాట తీసుకోవడం అని ఇప్పుడు రాస్తాను.

కాంకరెంట్లీ ఉచితంగా ఏమీ రాదు. లెక్క ఎంత పెద్దదో అంతా చేయాల్సిందే, దానికి పోలిక పని అదనం. కొద్ది వరుసలే మారితే చకచకా అయిపోతుంది. చాలా వరుసలు మారితే మామూలు రిఫ్రెష్ కన్నా ఆలస్యం అవుతుంది. తీసేసిన పాత వరుసలు వెంటనే మాయమైపోవు కూడా. వాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా అక్కడే పడుంటాయి. ఊడ్చేవాడు రాకపోతే హాస్టల్ గది సంగతి తెలిసిందే కదా.

రెండో సమస్య, అంటే లెక్క వయసు చెప్పడం, తేలికే అనుకున్నాం. వ్యూ చివరిసారి ఎప్పుడు రిఫ్రెష్ అయిందో పోస్ట్‌గ్రెస్ తనంతట తాను ఎక్కడా రాసిపెట్టదు. "వ్యూలోనే ఇంకో కాలమ్ పెట్టి ఇప్పటి సమయం వేసేద్దాం" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. అక్క ఒక్క నిమిషం ఆలోచించి బోర్డు మీద రెండు వరుసలు గీసింది. హాజరు అదే, సమయం మాత్రం వేరు. "ఇప్పుడు పోల్చు" అంది. అప్పుడు వెలిగింది. ప్రతి వరుసలో సమయం పెడితే ప్రతిసారీ ప్రతి వరుసా మారినట్టే. మారినవాటినే మార్చడం అనే సుఖం మొత్తం పోతుంది. అందుకని ఒకే ఒక్క వరుసతో వేరే చిన్న పట్టిక పెట్టాం. రిఫ్రెష్, ఆ సమయం రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. రిఫ్రెష్ మధ్యలో ఫెయిలైతే సమయం కూడా మారదు, పాత లెక్క పక్కన పాత సమయమే ఉంటుంది. రాసేది కూడా రిఫ్రెష్ మొదలైన సమయం, ముగిసిన సమయం కాదు. ఎందుకంటే 11:40కి మొదలై 11:42కి ముగిసిన లెక్కలో 11:41కి ఎక్కించిన హాజరు ఉండదు.

మూడో దారి కూడా ఉంది, మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి అదే దిక్కు, అందులో మెటీరియలైజ్డ్ వ్యూలు లేవు కాబట్టి. కొత్త పట్టిక పక్కన పూర్తిగా కట్టి, అన్నీ సరిచూసుకుని, ఒక్క క్షణంలో పేర్లు మార్చేయడం. యాదగిరిగుట్ట గుడి కట్టినప్పుడు జరిగింది గుర్తుందా? 2016లో స్వామిని బాలాలయంలో ఉంచి అక్కడ దర్శనాలు నడిపించారు. ప్రధానాలయం పని పూర్తయ్యాక, 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. అన్నేళ్లూ భక్తులు కొండకి వస్తూనే ఉన్నారు. మన పట్టికల్లో ఇంకా సులువు, తాత్కాలికంగా వేరేచోటికి పోనక్కర్లేదు. పాతచోట దర్శనం నడుస్తుంటే పక్కన కొత్తది కట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ దారి పట్టేవాళ్లకి ఒక జాగ్రత్త. పేరు మార్చే ఆ క్షణానికి కూడా గట్టి తాళమే కావాలి. అప్పటికే ఎవరో పెద్ద రిపోర్టు చదువుతుంటే ఆ తాళం వాళ్ల కోసం ఆగుతుంది, దాని వెనక వచ్చినవాళ్లందరూ దాని కోసం ఆగుతారు. అందుకే లాక్ టైమవుట్ పెట్టుకోవాలి. కొన్ని సెకన్లలో తాళం దొరక్కపోతే వెనక్కి తగ్గి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. మేం కాంకరెంట్లీతోనే సర్దుకున్నాం, మాకు అది చాలింది.

ఇప్పుడు హాజరు పేజీలో పర్సంటేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: "ఉదయం 11:40 వరకు ఎక్కించిన హాజరు ప్రకారం." మొదట్లో దాన్ని ఎవరూ పట్టించుకోరనుకున్నాం. కానీ మాకు వచ్చే ఫిర్యాదుల తీరు మారింది. ఇదివరకు "నా పర్సంటేజీ తప్పు" అని వచ్చేవాళ్లు. ఇప్పుడు "సార్ 12 గంటలకి పెట్టారు, తర్వాతి దాంట్లో వస్తుంది కదన్నా?" అని అడుగుతున్నారు. లెక్క ఇదివరకటి లాగే కాసేపు పాతదే. దాని వయసు తెలిశాక దాన్ని నమ్మడం తేలికైంది.

ఇది మనవాళ్లకి కొత్త విషయమేం కాదు. ఇంట్లో ఎవరైనా స్థలం కొనేటప్పుడు చూసే ఉంటారు, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తెస్తారు. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. నాన్నలు ముందు చూసేది ఆ తేదీలే. ఈసీ నిన్నటిదైతే ఒక మాట, ఆరు నెలల కిందటిదైతే ఇంకో మాట. డబ్బు చేతులు మారే ముందు కొత్తది మళ్లీ తీయిస్తారు. ఏ నకలుతో ఎంత పని చేయొచ్చో ఆ తేదీ చెబుతుంది.

మేం కూడా హెచ్ఓడీ సార్‌తో మాట్లాడి అదే పద్ధతి పెట్టించాం. రోజూ చూసుకోవడానికి వ్యూ. కండొనేషన్ లిస్టు, డిటెన్షన్ లిస్టు తీసే రోజున మాత్రం వ్యూని ముట్టుకోకూడదు. ఎంట్రీలు మూసేశాక అసలు పట్టికల నుంచి నేరుగా లెక్క తీయాలి, పది నిమిషాలు పట్టినా సరే. ఒక మనిషి ఏడాది పోయే నిర్ణయం గంట కిందటి నకలు మీద ఆధారపడకూడదని సార్‌కి చెప్పడానికి పెద్దగా కష్టపడలేదు. 68 కనిపించిన అమ్మాయి సంగతి చెప్తే చాలింది.

ఈ ఏడాది నేను ఆ టీమ్ నుంచి బయటికి వస్తున్నాను. కొత్తగా వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక ఫైలు రాసిపెట్టాం. అందులో ఆదేశాల కన్నా ముందు మూడు ప్రశ్నలు ఉన్నాయి. రిఫ్రెష్ నడుస్తుండగా పేజీ తెరిచినవాడికి ఏం కనిపిస్తుంది? కనిపించే లెక్క ఎప్పటిదో వాడికి తెలుస్తుందా? ఆ లెక్కని నమ్మి వాడు ఏం చేయబోతున్నాడు? రేపు ఏ బ్యాంకులోనో, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనో పని చేసేటప్పుడు మనకి పోస్ట్‌గ్రెస్ ఉండకపోవచ్చు, ఆదేశాలు వేరే ఉండొచ్చు. ఈ మూడు ప్రశ్నలు మాత్రం అక్కడా అడగాల్సినవే. పేజీ తిరుగుతున్నంతసేపూ ఎవరి నాన్నో ఫోన్‌లో ఎదురుచూస్తూ ఉంటాడు.